వేరు కుంపటి, ఉమ్మడి వాకిలి

పది, ఇరవై, ముప్పై కుటుంబాలు ఎవరి ఇల్లు వారు ఉంచుకుంటూనే ఒకే వాకిలి చుట్టూ కోరి చేరి బతకడాన్ని కోహౌసింగ్ అంటున్నారు. తెలుగులో దీనికి ఇంకా మాట కుదరలేదు. సహనివాసం అంటే ఆశ్రమం వాసన కొడుతుంది. ఉమ్మడి ఇల్లు అంటే అత్తాకోడళ్లు గుర్తొస్తారు. ఈ పద్ధతిలో ఇంటి తాళం ఎవరిది వారిదే, వంటగది ఎవరిది వారిదే, బ్యాంకు ఖాతా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉమ్మడిగా ఉండేవి కొన్ని: పెద్ద వంటిల్లూ భోజనాల హాలూ ఉన్న ఒక కట్టడం, బట్టలుతికే గది, పనిముట్ల గది, పిల్లలు పరుగెత్తే ఖాళీ జాగా, కూరగాయల మడులు. కార్లు పొలిమేరలోనే ఆగిపోతాయి, లోపల నడకే. వారంలో కొన్ని రాత్రులు అందరూ కలిసి తింటారు. వండి వడ్డించే వంతు మనిషికి ఇంచుమించు నెలకోసారి వస్తుంది. నిర్ణయాలు చేతులెత్తించి కాక, అందరూ సరేననే దాకా మాట్లాడి తీసుకుంటారు. అందుకే ఇలాంటి చోట్ల ఇళ్లు చిన్నవి, సమావేశాలు పెద్దవి.

ఈ పద్ధతి పుట్టిల్లు డెన్మార్కు. యాన్ గుడ్మండ్ హోయర్ అనే ఆర్కిటెక్టు 1964లో మిత్రులతో కలిసి ఇలాంటి వాడ ఒకటి కట్టబోతే, పిల్లల గోల ఎక్కువవుతుందని ఇరుగుపొరుగు అడ్డం పడ్డారు. 1967లో బోడిల్ గ్రా అనే రచయిత్రి, పిల్లలకు నూరుమంది తల్లిదండ్రులు ఉండాలంటూ ఒక పత్రికలో రాసింది. అది చదివి కదిలిన కుటుంబాలు, గుడ్మండ్ హోయర్ మిత్రులు కలవగా, 1972లో కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన 27 ఇళ్లతో సెట్టెడామెన్ తయారైంది. డేనిష్ మాటకు నోరు తిరగని వాళ్ల కోసం కోహౌసింగ్ అన్న పేరును 1988లో క్యాథరిన్ మెక్‌కమాంట్, చార్లెస్ డ్యూరెట్ అనే అమెరికన్ ఆర్కిటెక్టుల జంట తమ పుస్తకంతో వాడుకలోకి తెచ్చింది. మరో మూడేళ్లకు కాలిఫోర్నియాలోని డేవిస్‌లో 26 ఇళ్ల మ్యూర్ కామన్స్ వెలిసింది.

తెలుగువాళ్లకు ఇందులో వింతగా తోచేది కలిసి ఉండడం కాదు, పొయ్యిలు వేరైనా కలిసి ఉండడం. తెలుగులో సంసారానికి కొలమానం పొయ్యి. అన్నదమ్ములు విడిపోతే పొలాలు పంచుకున్నారని కాదు, వేరు కుంపటి పెట్టారని చెప్పుకుంటారు. పార్టీ చీలినా అదే మాట, నాటక సమాజం చీలినా అదే మాట. పొయ్యి రెండైతే మనసులు రెండయ్యాయనే భాష మనది. డేనిష్ వాళ్లు ఆ రెండింటినీ విడదీశారు. కుంపటి వేరు పెట్టుకోండి, వాకిలి మాత్రం పంచుకోండి అన్నారు.

నిజానికి ఈ నక్షా కృష్ణా డెల్టాలో పాతదే. తెనాలి నుంచి కొల్లూరు మీదుగా రేపల్లె దాకా ఏ పాత వీధిలోనైనా దాయాదుల ఇళ్లు వరసగా ఉంటాయి. తాతనాటి మండువా ఇంటిని రెండుగానో మూడుగానో కోసి నడిమి గోడలు లేపిన ఇళ్లవి. గోడ ఉమ్మడి, దారి ఉమ్మడి, నుయ్యి ఉమ్మడి, పెరట్లో మామిడిచెట్టు ఉమ్మడి. పంపకాల దస్తావేజులో ఇవన్నీ వివరంగా ఎక్కుతాయి, నూతి దగ్గరికి నడిచే దారి వెడల్పుతో సహా. డెన్మార్కులో కలవడానికి గీసుకున్న బొమ్మనే మనవాళ్లు విడిపోవడానికి రాసుకున్నారు. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. అక్కడ ఆ నుయ్యిని ఇష్టపడి ఉంచుకుంటే, ఇక్కడ దాన్ని పంచడం కుదరక ఉంచారు. కొన్నాళ్లకు ఇంటింటికీ బోరు పడింది, ఉమ్మడి నూతిలో చెత్త పడింది.

ఉమ్మడి కుటుంబాన్ని తలుచుకుని నిట్టూర్చే వాళ్లు తరచుగా మరిచేది, ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచింది ఎవరన్నది. ముప్పైమందికి పొయ్యి ఒకటే కావచ్చు, దాని ముందు కూర్చున్నది కోడళ్లు. పైగా ఆ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో వాటా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో చట్టం సవరించాకే కొడుకుతో సమానంగా కూతురు ఆ లెక్కలోకి వచ్చింది. దేశమంతటా ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. పుట్టుకతో వచ్చిన ఉమ్మడికి విలువలు వెతకనక్కర్లేదు, వరస తెలిస్తే చాలు. కోరి కలిసే వాళ్లకు వరస ఉండదు. అందుకే వాళ్లు ప్రతిదీ మాట్లాడుకోవాలి, ఆఖరికి గిన్నెలు తోమేది ఎవరన్నది కూడా.

విడిపోవడానికి ఖర్చు ఎంతో లెక్క చూడాలంటే కొల్లూరు మంచి చోటు. ఈ మండలం పేరు చెబితే చుట్టుపక్కల తాపీమేస్త్రీలకు ముందు గుర్తొచ్చేది ఇటుక. వానలు వెనకబట్టాక మట్టి తవ్వి, నీళ్లు పెట్టి నానేసి, అచ్చుల్లో కొట్టి, పచ్చి ఇటుకను వరసలుగా ఆరబెట్టి, బట్టీ పేర్చి కాలుస్తారు. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న తొమ్మిది అంగుళాల గోడ ఒకటి లేవాలంటే ఇంచుమించు తొమ్మిది వందల నుంచి వెయ్యి ఇటుకలు పడతాయి. ఇటుక మూడు కిలోలు అనుకుంటే ఒక్క గోడకు మూడు టన్నుల నేల, అదీ కాలిన తరువాతి తూకం. కాల్చడానికి పట్టే ఊక, కట్టెలు, బొగ్గు వేరు. ఇద్దరు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరికి కనబడకుండా ఉండడానికి ఎక్కడో ఒక చేనులో కొంత జాగా మోకాటిలోతు పల్లమవుతుంది. పర్యావరణం గురించి సభల్లో చెప్పే మాటలకన్నా ఈ లెక్క నేలకు దగ్గరగా ఉంటుంది. నాలుగు ఇళ్లు మూడు గోడలు పంచుకుంటే మూడు గోడల మట్టి మిగులుతుంది. ఆపై ఎండ తగిలే గోడలు తగ్గి వేసవిలో ఫ్యాను, ఏసీ కరెంటూ కొంత తగ్గుతుంది.

గోడ సంగతి అలా ఉంచి వస్తువుల సంగతి చూస్తే, పది గడపల వీధిలో నిచ్చెన ఒకటి ఉంటే సరిపోతుంది. సరిపోయేది కూడా. గోడకు ఆనించిన వెదురు నిచ్చెన వీధి చివరి ఇంటిదైనా, బూజు దులపాలన్నా కొబ్బరికాయ దింపాలన్నా అది వీధి మొత్తానిది. పెళ్లి గుండిగలు, గంగాళాలు, గరిటెలు గుళ్లోనో కులసంఘం గదిలోనో ఉండేవి. వాటి అంచున దాత పేరు చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టి ఉంటుంది. పులిహోర కలిపిన గుండిగ తోముతుంటే వేలికి ఆ అక్షరాలు తగులుతాయి. ఉమ్మడి వస్తువు మీద ఒక్కడి పేరు ఉండడం తెలుగు ఊరి రాజీ: పేరు నాకు, వాడకం మీకు. సప్లయి సామాన్ల కొట్లు వచ్చాక ఆ గుండిగలు అటకెక్కాయి. కోహౌసింగ్ వాళ్ల పనిముట్ల గదిలో పేర్లు కొట్టించడం ఉండదు, కాని చేజారిన డ్రిల్లు మిషను ఎవరు బాగుచేయించాలన్న పేచీ అక్కడా ఉంటుంది.

నీళ్ల దగ్గర పంచుకోవడం ఇంకా కష్టమైన విద్య. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి పడమటి డెల్టా రైతు బతుకు వంతుల మీద నడుస్తోంది. దుగ్గిరాల లాకుల దగ్గర చీలిన నీరు తల దగ్గరి చేలకు ముందు అందుతుంది, రేపల్లె వైపు శివారు భూములకు చివర అందుతుంది. పైవాడు ఒక రాత్రి తూము అదనంగా ఎత్తితే కిందివాడి నారుమడి ఎండుతుంది. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చి ఈ వంతుల్ని రైతుల చేతుల్లో పెట్టాలని చూసింది. ఉమ్మడి విలువలంటే గోడ మీద రాసుకునే సూక్తులని ఎవరైనా అనుకుంటే, ఆగస్టులో ఒక రాత్రి కాలువ గట్టు మీద టార్చిలైటుతో తిరిగే శివారు రైతును చూడాలి. నీరు ముందు అందినవాడు తనను తాను ఎంత ఆపుకుంటాడన్నదే అక్కడ విలువ.

ఆపద వచ్చినప్పుడు మాత్రం ఈ లెక్కలన్నీ కొద్దిరోజులు పక్కకు పోతాయి. కొల్లూరు మండలంలో పెసర్లంక, పోతార్లంక, చింతర్లంక, గాజుల్లంక లాంటి ఊళ్లు కృష్ణ కరకట్టకు లోపల, నది ఒడిలోనే ఉన్నాయి. పసుపు, అరటి, కంద, తమలపాకు పండే మెత్తటి నేల అది. దానికి కిస్తు వరదే. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర దాదాపు 11 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర కరకట్ట తెగింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు దాటి లంకలు మళ్లీ మునిగాయి. అలాంటప్పుడు కట్ట పొడుగునా గేదెలు, వాటి పక్కనే టార్పాలిన్ల కింద మనుషులు. మూడు రాళ్ల పొయ్యి మీద ఒకే గుండిగ. ఎవరి బియ్యమో, ఎవరి పప్పో. ఇది కూడా ఒక ఉమ్మడి వాకిలే, మైళ్ల పొడవున. వరద తీసి బురద ఆరగానే ఎవరి కుంపటి వారిది. కట్ట మీది స్నేహాన్ని ఇంటికి మోసుకెళ్లడం అరుదు.

ఈ ప్రాంతంలో ఆపద, నమ్మకం రెండూ కలిసిన ఉమ్మడి బతుకు ఒకటి నెలల తరబడి నడిచింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోనే, చీరాల, పేరాల ఊళ్లలో. రెంటినీ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు అమాంతం పెంచితే, నేతగాళ్లతో నిండిన ఆ ఊళ్లు కట్టేది లేదన్నాయి. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చినప్పుడు, పన్నెగ్గొట్టి జైళ్లకు వెళ్లడమో, మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడమో తేల్చుకోమన్నారు. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట పదిహేను వేల జనాభాలో దాదాపు 13 వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు, పందిళ్లు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు. కాపలాకు రామదండు అనే స్వచ్ఛంద దళం. ఎండ, వాన, మళ్లీ చలి, మొత్తం దాదాపు పదకొండు నెలలు. నాయకుడు జైలుకు పోయాక, చేతిలో డబ్బు అయిపోయాక, జనం తాళాలు తీసుకుని ఇళ్లలోకి వెళ్లారు. దీన్ని ఓటమిగా రాసిన వాళ్లున్నారు. మగ్గం గుంట వదిలి పందిరి కింద పదకొండు నెలలు ఉండడం ఎంత పనో తెలిసిన నేతగాడు అలా రాయడు.

ఆ 1921 ఏప్రిల్‌లోనే, చీరాల తరువాత, నెల్లూరు దగ్గర పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీ తెరిచారు. తెనాలి, రేపల్లె వాళ్లకు ఇంకా దగ్గరది చెరుకుపల్లి మండలం కావూరులోని వినయాశ్రమం. తుమ్మల బసవయ్య పెట్టినది, హరిజన యాత్రలో 1933లో గాంధీ అడుగుపెట్టినది. ఇలాంటి ఆశ్రమాల్లో ఉమ్మడి విలువ అంటే నూలు వడకడం, ప్రార్థన అని పైకి కనిపిస్తుంది. అసలు పరీక్ష వంటింట్లోనూ మరుగుదొడ్డి దగ్గరా ఉండేది. 1915లో అహమ్మదాబాద్ కొచ్రబ్ ఆశ్రమం పెట్టిన కొద్ది నెలలకే దూదాభాయి అనే అంటరాని కులపు ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలతో వచ్చి చేరితే విరాళాలు ఆగిపోయాయి, బావి దగ్గర తిట్లు మొదలయ్యాయి, కస్తూరిబాకే సహించలేదు. ఆశ్రమానికి డబ్బిచ్చిన వాళ్లు కులాలు కలవడానికి ఒప్పుకోలేదు.

కృష్ణకు అవతలి ఒడ్డున గోరా, సరస్వతి దంపతులు ఈ చిక్కుముడిని సూటిగా పట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చారు. దేవుణ్ణి వదలడం కన్నా పంక్తిని కలపడం కష్టమని వాళ్ల అనుభవం చెబుతుంది. అన్ని కులాల వాళ్లనూ ఒక వరసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు, పెద్ద కూతురు మనోరమ పెళ్లి దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో చేశారు. కొడుకులకు లవణం, విజయం, సమరం అని ఆ రోజుల ఉద్యమాల, సంగతుల పేర్లు పెట్టుకున్న ఇల్లు అది. పేర్లలో కులం దొరకని ఇల్లు. కేంద్రం తరువాతి తరాల దాకా నిలిచింది. ఇలాంటి చోట్లు చాలా భాగం స్థాపకుడితో పాటే వెళ్లిపోతాయి కనుక ఇది చిన్న సంగతి కాదు.

రాయలసీమలో నమ్మకం నేల మీదుగా వచ్చింది. 1990లో మేరీ వట్టమట్టం, బబ్లూ గంగూలీ, జాన్ డిసౌజా చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని దానికి టింబక్టు అని పేరు పెట్టారు. మేతను, మంటను ఆపి, వాన నీటిని ఆపి, నేలను దాని మానాన వదిలితే గడ్డి వచ్చింది, తరువాత పొదలు, తరువాత పిట్టలు. ఇళ్లు మట్టితో, కరెంటు ఎండతో. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కలిసి ఇదే పద్ధతిని వేల ఎకరాల కల్పవల్లి కొండలకు పాకించారు. ప్రభుత్వ రికార్డుల్లో ఆ కొండలు బంజరు, ఊరివాళ్లకు మేత, ఈత చెట్టు, నీటి చెలమ. ఉమ్మడి భూమికి రికార్డులో సరైన పేరు లేకపోతే ఎప్పుడో ఒకరోజు దాని మీద గాలిమరలు లేస్తాయి. కల్పవల్లిలో అదీ జరిగింది.

ఇక పట్టణాల్లో ఉమ్మడి బతుకు అంటే అపార్ట్‌మెంటే. తెనాలిలో అయినా గుంటూరులో అయినా నేలలో విడదీయరాని వాటా అంటూ రిజిస్ట్రేషన్ అవుతుంది. చట్టం దృష్టిలో ఇరవైమంది ఒక గడ్డ మీద కలిసినట్టే. ఆచరణలో లిఫ్టు, మోటారు, వాచ్‌మన్ జీతం, నెలకు ఇంత మెయింటెనెన్సు. ఎవరు కొనుక్కోవచ్చో, ఎవరికి అద్దెకివ్వకూడదో ప్రకటనలో రాయరు, బేరంలో తేలుతుంది. శాకాహారులకు మాత్రమే అన్న ఒక్క మాట మాత్రం బోర్డు మీదికే ఎక్కుతుంది. డేనిష్ పద్ధతిని యథాతథంగా తెచ్చి పెట్టాలనుకునే వాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఈ బోర్డు సంగతి. అక్కడ సమాన విలువలంటే పొదుపు, చెత్త వేరుచేయడం, పిల్లల మీద అరవకపోవడం. ఇక్కడ ఆ మాట వినగానే సమాన కులం అని వినిపించే చెవులు ఎక్కువ.

దాని వెనకే ఇంకోటి ఉంది. డెన్మార్కులో నెలకోసారి డాక్టరూ వండుతాడు, బస్సు డ్రైవరూ గిన్నెలు తోముతాడు, ఎందుకంటే తోమే మనిషిని పెట్టుకోవడం అక్కడ ఖరీదు. అపార్ట్‌మెంటులో ఆరు ఫ్లాట్ల గిన్నెలు ఒకే ఆమె తోముతుంది. ఆరు వంటిళ్లలో ఏ డబ్బాలో ఏముందో తెలిసింది ఆమె ఒక్కతికే. ఆ భవనంలో నిజంగా ఉమ్మడిగా ఉన్న మనిషి ఆమే, వాటా లేనిదీ ఆమే. పొద్దున ఏడింటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, తన గ్లాసు తనకు వేరుగా ఉంటే అందులో టీ తాగుతుంది. ఇలాంటి చోట ఉమ్మడి వంటశాల పెట్టి, దానికీ ఆమెనే కుదిర్చి, పర్యావరణానికి మేలు చేశామనుకుంటే గ్యాసు మిగలవచ్చు, విలువ మాత్రం ఏమీ మారదు. వంతు వేసుకోవడమే ఈ పద్ధతికి ప్రాణం. వంతు డబ్బిచ్చి తప్పించుకోగలిగితే మిగిలేది హోటలు.

ఇంత చెప్పాక కూడా కొల్లూరు లాంటి చోట దీనికి అవసరం కనిపిస్తూనే ఉంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఎనిమిది గదుల ఇంట్లో ఒక్క గదిలో దీపం వెలుగుతుంది. వీధిలో అలాంటి ఇళ్లు నాలుగుంటే నాలుగు ఫ్రిజ్‌లు సగం ఖాళీగా తిరుగుతుంటాయి, నాలుగు కుక్కర్లు గుప్పెడు బియ్యానికి కూత పెడతాయి. ఒకరు వండి మిగతా ముగ్గురికి క్యారేజీ పంపే ఏర్పాటు ఎవరూ పేరు పెట్టకుండానే చేసుకోవచ్చు. పేరు పెట్టి, ఇల్లు కట్టి చేయాలంటే చట్టంలో దారి ఉంది: 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే నియమాలు రాసుకుని సంఘం పెట్టుకోవచ్చు. ఇటుక దూరాన లేదు, తాపీమేస్త్రీ ఊళ్లోనే ఉన్నాడు. కంద దుంప పులుసు ఎంత పుల్లగా ఉండాలన్న దగ్గర మొదటి సమావేశం విరిగిపోకుండా చూసుకోవాలి.

కట్టే పక్షంలో లంకల్లో మొదట తేల్చేది గదుల లెక్క కాదు, ఎత్తు. పాత ఇళ్లు మెరక చూసి దిబ్బ మీద కట్టినవి. ఉమ్మడి వంటశాల ఒక్కటైనా అన్నిటికన్నా ఎత్తున ఉంటే నీరు వచ్చిన రాత్రి పొయ్యి ఆరదు. ఎంత ఎత్తో చెప్పడానికి ఇంజినీరు రానక్కర్లేదు. 2024 సెప్టెంబరు నీళ్లు తీశాక సున్నం వెయ్యని గోడల మీద ఆరిన ఒండ్రు చార కొలిస్తే చాలు. ఆ పైన ఇంకో రెండు అడుగులు.